రాజశేఖరుడి ఇంట్లో సందేహం

రాజమండ్రి నుంచి గోదావరి గట్టు పట్టుకుని దిగువకు పోతే ధవళేశ్వరం వస్తుంది. కొండమీద జనార్దనస్వామి, కింద 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట. ఆనకట్ట చూడ్డానికి వచ్చేవాళ్లలో చాలామందికి ఈ ఊరు ఒక నవలకు పుట్టిల్లన్న సంగతి తెలియదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ మొదలయ్యేది ఇక్కడే. 1878లో పత్రికలో భాగాలుగా వచ్చింది, 1880లో పుస్తకమైంది. నరహరి గోపాలకృష్ణమ చెట్టి ‘శ్రీరంగరాజ చరిత్ర’ 1872లోనే వచ్చింది కాబట్టి మన తొలి నవల ఏదన్న తగువు పండితుల మధ్య ఇంకా నడుస్తూనే ఉంది. ఆ తగువులోకి నేను దిగను. ఈ పుస్తకాన్ని మళ్లీ మళ్లీ తెరిచేలా చేసేది వేరే గుణం. మనిషి దేన్ని ఎందుకు నమ్ముతాడు, అడగవలసిన ప్రశ్నను ఏ క్షణంలో మింగేస్తాడు అనే సంగతిని ఇంత దగ్గరగా కూర్చుని, ఇంత ఓపికగా చూసిన తెలుగు వచనం దీనికి ముందు నాకు కనపడలేదు.

సందేహం అనగానే మనకు పెద్ద పెద్ద వాదాలు గుర్తుకొస్తాయి. నిజానికి అది రోజూ చేసే పని. గోదావరి జిల్లాల్లో ధాన్యం కొనే షావుకారు గింజను పంటికింద కొరికి తేమ చూస్తాడు. సంతలో కుండ బేరమాడే ఇల్లాలు వేలి గణుపుతో కొట్టి మోత వింటుంది. కొబ్బరికాయను చెవి దగ్గర ఊపనిదే ఎవరూ డబ్బులివ్వరు. దీన్ని ఎవరూ నాస్తికత్వం అనరు, అమ్మేవాడు కూడా తప్పు పట్టడు. అదే మనిషి పంచాంగం విప్పినాయన ఎదుట కూర్చున్నప్పుడు మాత్రం ఆ పన్ను, ఆ వేలు, ఆ చెవి మూడూ పనిచెయ్యడం మానేస్తాయి. ఎందుకు మానేస్తాయన్నదే పంతులుగారి ప్రశ్న. సంతలో ఉన్న తెలివి దేవుడి గదిలోకి, పెళ్లిచూపుల సావడిలోకి, రోగి మంచం దగ్గరకి ఎందుకు రాదు? ఒకవేళ వస్తే భక్తికి ఏమైనా నష్టమా?

నష్టం లేదని ఆయన నమ్మకం. ఈ నవల పత్రికలో వస్తున్న 1878లోనే ఆయన రాజమండ్రిలో ప్రార్థన సమాజం పెట్టారు. ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూడకపోతే ఆయన అర్థం కారు. ఒక చేత్తో మంత్రగాళ్ల గుట్టు విప్పే కథ రాస్తూ, ఇంకో చేత్తో ఒకే దేవుణ్ణి ప్రార్థించుకునేందుకు పదిమందిని పోగుచేస్తున్నారు. ఆత్మూరి లక్ష్మీనరసింహం అనే ఉపాధ్యాయుడి సాంగత్యం, కేశవచంద్ర సేన్ ఉపన్యాసాలు ఆయనను బ్రహ్మసమాజం వైపు తిప్పాయి. దేవుణ్ణి ఆయన ఎన్నడూ సందేహించలేదు. దేవుడి పేరు చెప్పి మధ్యలో చెయ్యి చాచే మనిషిని సందేహించారు. ఆ చెయ్యి ఖాళీగా వెనక్కి వెళ్లడం ఎక్కడా చూడలేదు గనుక ఇంకా ఎక్కువగా సందేహించారు.

ఇక పనితనం దగ్గరకి వస్తాను. మూఢనమ్మకాల మీద కథ రాయబూనిన వాడికి మొదట తట్టేది ఒక మూర్ఖుణ్ణి పెట్టి వాణ్ణి మోసపోనివ్వడం. పాఠకుడు నవ్వుకుంటాడు, తాను అలాంటివాణ్ణి కాననుకుంటాడు, పుస్తకం మూసేస్తాడు. పంతులుగారు ఆ దారి పట్టలేదు. ఆయన రాజశేఖరుడు చదువుకున్నవాడు, కలిగినవాడు, పెట్టే చెయ్యి ఉన్నవాడు. భార్య మాణిక్యాంబ, కూతుళ్లు రుక్మిణి, సీత, కొడుకు సుబ్రహ్మణ్యం. గుమ్మం ఎక్కిన వాళ్లు ఆకలితో దిగని ఇల్లు. ఊరికి కావలసిన మనిషి. అంతటివాడు మోసపోతున్నప్పుడు పాఠకుడికి దూరం జరగడానికి చోటు దొరకదు. ఆయనలో మన నాన్నగారో తాతగారో కనిపిస్తారు. మోసపోవడానికి తెలివితక్కువతనం ఉండాలన్న నియమమేదీ లేదని, ఒక్కోసారి మంచితనమే తలుపు తీసి పెడుతుందని ఈ పాత్ర ఎంపికతోనే చెప్పేశారు.

తలుపు ఏ వేపు నుంచి తెరుచుకుందో చూపించడంలో ఇంకా నేర్పుంది. మంత్రగాడి కంటే ముందు రాజశేఖరుడి చుట్టూ మూగేవాళ్లు ముఖస్తుతి చేసేవాళ్లు. ఆయన ఏమన్నా ఔననేవాళ్లు, ఆయన వంటిల్లు మీద బతికేవాళ్లు, పదిమందిలో ఆయన గొప్ప ఎత్తేవాళ్లు. అంటే దయ్యాలు, గ్రహాలు, రసవాదం రాకముందే ఆయన సందేహించే శక్తి సన్నగిల్లిపోయి ఉంది. రోజూ పొగడ్త వినే చెవికి వేరే మాట పడదు. తన గురించి చెప్పిన అబద్ధాన్ని సంతోషంగా మింగినవాడు గ్రహాల గురించి చెప్పిన అబద్ధాన్ని ఎందుకు ఉమ్మేస్తాడు? ఈ వరసను రచయిత ఎక్కడా సూత్రంగా చెప్పరు. ఘటనలను ఒకదాని వెనక ఒకటి పేర్చిన తీరులోనే అది ఉంది. తరవాతి రోజుల్లో మనవాళ్లు రాసిన ఎన్నో సంస్కరణ కథల్లో లేనిది ఈ వరసే. వాటిల్లో మంత్రగాడు ఆకాశం నుంచి ఊడిపడతాడు. ఇక్కడ అతనికి దారి వేసినవాళ్లు ముందే అరుగుమీద కూర్చుని ఉన్నారు.

ఆ తరవాత వచ్చేవాళ్లలో నాకు ఎక్కువ నచ్చిన కల్పన బైరాగి. బంగారం చేసిపెడతానంటాడు, ఇంట్లో ఉన్న వెండి బంగారాలు రాబట్టుకుంటాడు, ఒకనాడు కనపడకుండా పోతాడు. చెప్పుకుంటే ఒక్క వాక్యం. కానీ ఇందులో రచయిత పట్టుకున్న లోతు చూడండి. రాజశేఖరుడికి అప్పటికి పేదరికం లేదు. ఆయనకు బంగారం అవసరమై కాదు బైరాగిని నమ్మింది. సాధువు అబద్ధమాడడన్న గౌరవం వల్ల నమ్మాడు. మనిషిలో ఆశ, భక్తి రెండూ ఉంటాయి. ఆశ ఒక్కటే ఉంటే లెక్కలు అడుగుతుంది, భక్తి ఒక్కటే ఉంటే బంగారం జోలికి పోదు. రెండూ ఒకచోట కలిసి, భక్తి ముందు నడిచి ఆశ వెనక దాక్కున్నప్పుడు మనిషి తనను తానే పసిగట్టలేడు. కాషాయం కట్టినవాణ్ణి లెక్క అడగడం పాపం అనుకున్న క్షణంలోనే తన లోపలి ఆశను లెక్క అడగడం కూడా మానేశాడు. బైరాగి చేసిన మోసంలో సగం పని రాజశేఖరుడు స్వయంగా చేసి పెట్టాడు.

ఆ కలయికను పట్టుకోవడం మతం గురించి తేలికగా మాట్లాడేవాడి వల్ల అయ్యే పని కాదు. లోపలినుంచి తెలిసి ఉండాలి. పంతులుగారికి తెలుసు. 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టి, నాలుగేళ్లకే తండ్రిని పోగొట్టుకుని, ఆచారం నిండిన ఇంట్లో పెరిగారు. తాను నమ్మినవాటిని ఒక్కొక్కటిగా ఎలా అడుగుతూ వచ్చారో తరవాత ‘స్వీయచరిత్రము’లో రాసుకున్నారు. నమ్మకాన్ని బయటనుంచి రాళ్లేసి కొట్టేవాడి రాతలో కోపం ఉంటుంది. దాని గదుల్లో తిరిగి బయటకొచ్చినవాడి రాతలో ఏ గుమ్మం ఎక్కడుందో తెలిసిన నింపాదితనం ఉంటుంది. రాజశేఖర చరిత్రములో నాకు వినిపించేది ఆ నింపాదితనమే.

ఈ నవల కేంద్రం ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను చూపేది రసవాదాన్ని కాదు, ఒక చావు కబురును. రుక్మిణి భర్త నృసింహస్వామి ఇల్లు విడిచి ఎటో పోయాడు. కొన్నాళ్లకు అతను పోయాడని కబురు వస్తుంది. ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఎవరు చూశారు, ఎక్కడ చూశారు, చెప్పినవాడికి ఎవరు చెప్పారు అని నిలదీసేవాళ్లు ఉండరు. దుఃఖం వచ్చిన ఇంట్లో ప్రశ్న అడగడం అమర్యాద మరి. కథ చివరకు నృసింహస్వామి బతికే ఉన్నాడని తేలుతుంది, ఇంటికి తిరిగి వస్తాడు. ఆ చావు చుట్టూ ఊరు అల్లుకున్న మాటలన్నీ ఒక్క మనిషి గుమ్మంలో నిలబడేసరికి కూలిపోతాయి. రచయిత అక్కడ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. బతికున్న మనిషి అన్నం తింటుంటే అంతకంటే గట్టి ఖండన ఏముంటుంది!

ఈ ఘట్టం ఎంత బరువైనదో ఇవాళ మనకు చప్పున తట్టదు. ఆ కాలపు బ్రాహ్మణ ఇంట్లో భర్త పోయాడన్న మాట ఒక ఆడపిల్ల గాజులు, జుట్టు, కూడు, గుడ్డ అన్నిటినీ నిర్ణయించేది. షావుకారు ఒక బస్తా ధాన్యానికి అడిగినన్ని ప్రశ్నలు కూడా ఆ మాటకు ఎవరూ అడగరు. రుజువు లేని ఒక కబురుతో చదువుకున్న ఒక యువతి జీవితం మూతపడుతుంది. సందేహం అనేది పండితుల కాలక్షేపం కాదని, అది లేకపోతే నష్టపోయేది ఇంట్లో అందరికంటే నోరులేని మనిషేనని ఈ ఒక్క కల్పనతో తేలిపోయింది. నవల పుస్తకంగా వచ్చిన మరుసటి ఏడు, 1881 డిసెంబరు 11న, పంతులుగారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. 1856లోనే చట్టం ఒప్పుకున్న పెళ్లికి ఆంధ్రదేశంలో పాతికేళ్లు పట్టింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు డబ్బుతో అండగా నిలిచారు. పీఠాధిపతుల వెలి పత్రికలు వచ్చాయి, వంటవాళ్లూ నీళ్లు తెచ్చేవాళ్లూ మానేశారు. రుక్మిణి కథలో భర్తను బతికించి తీసుకొచ్చిన రచయిత, నిజంగానే భర్తలు పోయిన పిల్లలకు పెళ్లి పందిళ్లు వేయించారు. ఈ రెండు పనుల మధ్య నాకు విరోధం కనపడదు. మొదటిది చెప్పిన మాటను అడగమంటుంది. రెండోది, మాట నిజమే అయినా దానికి ఊరు వేసిన శిక్షను అడగమంటుంది. రెండో అడుగు చాలా కష్టమైనది. ఎంతోమంది హేతువాదులు మొదటి అడుగు దగ్గరే ఆగిపోయారు.

గోల్డ్‌స్మిత్ మాట ఎత్తకుండా ఈ పుస్తకం గురించి రాయడం న్యాయం కాదు. 1766లో వచ్చిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ఛాయలు ఇందులో ఉన్నాయి. మొదట అనువాదమే మొదలుపెట్టి, నచ్చక వదిలేసి, స్వతంత్రంగా రాశానని పంతులుగారే చెప్పుకున్నారు. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు ఆ ఛాయలను పట్టుకుని గట్టి విమర్శే చేశారు. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే విమర్శకు ఆధారం దొరుకుతుంది. ఆస్తి పోగొట్టుకున్న మంచి కుటుంబం, దారిలో పరిచయమైన మారువేషపు పెద్దమనిషి, చెరసాల, పోయాడనుకున్న మనిషి తిరిగిరావడం, చివర్లో అన్నీ కలిసిరావడం. కానీ మార్చినచోటే పనివాడు తెలుస్తాడు. ఇంగ్లీషు కథలో మతగురువు ప్రింరోజ్ ఆస్తి ఎలా పోయింది? పట్నంలో అతని డబ్బు పెట్టుకున్న వర్తకుడు పారిపోయాడు. అందులో ప్రింరోజ్ చేసిన తప్పేమీ లేదు, అది దురదృష్టం. పంతులుగారు ఆ ఒక్క మేకు పీకేశారు. రాజశేఖరుడి ఆస్తి పోవడానికి కారణం ఎక్కడో పట్నంలోని వర్తకుడు కాదు. తాను నమ్మిన మనుషులు, తన ఇంట్లో జరిపించిన తంతులు, గొప్పకు పోయి చేసిన పెళ్లి ఖర్చులు. దురదృష్టం కథను తీసుకుని ఆయన బాధ్యత కథగా మార్చేశారు. గోల్డ్‌స్మిత్ చదివినవాడికి విధి మీద జాలి కలుగుతుంది. పంతులుగారిని చదివినవాడు మర్నాడు తన ఇంటికొచ్చిన సిద్ధాంతి వైపు ఒకసారి తేరిపార చూస్తాడు. గోల్డ్‌స్మిత్‌లో కొడుకు మోజెస్ గుర్రాన్ని అమ్మి ఆకుపచ్చ కళ్లజోళ్ల పెట్టె కొనుక్కొచ్చిన ఘట్టం నవ్వు పుట్టిస్తుంది, బైరాగి ఘట్టంలో నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. పోయింది ఇల్లాలి ఒంటిమీది బంగారం కూడా గనుక.

కథను నడిపించిన నేల గురించి చెప్పాలి. ఇల్లు గుల్లయ్యాక కుటుంబం కాశీయాత్రకని బయల్దేరుతుంది. కానీ కాశీ చేరదు. రాజమహేంద్రవరం దాటి పెద్దాపురం సీమలోనే చిక్కుకుపోతుంది. భీమవరం అన్న పేరు చూసి పశ్చిమగోదావరి పాఠకులు తమ ఊరనుకోవద్దు, ఇది సామర్లకోట పక్కనున్న భీమవరం. పుణ్యక్షేత్రానికని బయల్దేరిన మనిషికి పుణ్యక్షేత్రం చేరకముందే, తన ఇంటికి రెండు మజిలీల దూరంలో, కళ్లు తెరుచుకోవడం యాదృచ్ఛికం అనుకోను. తీర్థానికి వెళ్లి తెచ్చుకోవలసిన వివేకం పక్క ఊళ్లోనే ఉందన్న మాట ఇందులో ఇమిడి ఉంది. పాఠకుడికి ఆ ఊళ్లన్నీ తెలుసు. కాకినాడ వెళ్తూ ఆ బాటమీదే నడిచినవాడు, అక్కడి సత్రాల్లో పడుకున్నవాడు. పరదేశపు రాకుమారుడి కథ విన్నప్పుడు సందేహించాల్సిన అవసరమే లేదు, అంతా కల్పనే. తెలిసిన ఊరి పేరు వినగానే మాత్రం ఇది నిజమేనా, ఇలా జరుగుతుందా అని మనసు తనంతట తాను తూకం వేస్తుంది. ప్రబంధాలూ కాశీమజిలీ తరహా కథలూ విన్న చెవులకు ఈ తూకం కొత్త. నవల అనే ప్రక్రియ మనకు తెచ్చిపెట్టిన మొదటి అలవాటు బహుశా ఇదే.

దారిలో దొంగలు పడతారు. రుక్మిణి చచ్చిపోయిందనుకుని కుటుంబం ముందుకు సాగిపోతుంది. ఆమె లేచి మగవేషం వేసుకుని బయటపడుతుంది. ఆపదలో సాయం అందుకున్న రామరాజు అనే బాటసారి నిజానికి పెద్దాపురం ప్రభువు కృష్ణజగపతి. ఇవన్నీ పాత కథల్లోని మలుపులే. అయినా ఒక్క సంగతి గమనించండి. మొదటి సగంలో రాజశేఖరుడు అడగకుండా నమ్మి చెడ్డాడు. రెండో సగంలో కళ్లతో చూసింది కూడా నిజం కాకుండా పోతోంది. చచ్చిందనుకున్న కూతురు బతికే ఉంది, మగవాడనుకున్నది ఆడపిల్ల, మామూలు బాటసారి అనుకున్నవాడు ఆ సీమకు ఏలిక. విన్నమాటను అడగడం నేర్చుకున్న పాఠకుడికి చూసినదాన్ని కూడా అడగమని రెండో పాఠం పెట్టినట్టుంది. రుక్మిణి పాత్ర ఇక్కడే ఎత్తుకు వెళుతుంది. ఇంట్లో ఉన్నంతకాలం ఎవరో చెప్పిన మాటకు లోబడిన పిల్ల, ఒంటరిదయ్యాక తన బుర్రనే నమ్ముకుని దారి వెతుక్కుంటుంది.

లోపం కూడా ఈ సగంలోనే ఉంది. శోభనాద్రిరాజు అనే దుష్టుడి వల్ల చెరసాల పాలైన రాజశేఖరుణ్ణి చివరకు గట్టెక్కించేది మారువేషం విడిచిన ప్రభువు. రాజు వచ్చాడు, దుష్టులకు శిక్ష పడింది, పోయినవన్నీ దక్కాయి. ఆపద మొక్కులను నమ్మవద్దన్న పుస్తకం ఆపదలో ఒక అవతారపురుషుణ్ణే తీసుకొచ్చి నిలబెట్టింది. రాజశేఖరుడు తన కష్టంతో కొంతయినా తిరిగి సంపాదించుకుని ఉంటే ఈ కథ గట్టితనం ఇంకా పెరిగేది. 1887లో హచిన్‌సన్ దొర లండన్‌లో వేసిన ఇంగ్లీషు అనువాదానికి ‘ఫార్చూన్స్ వీల్’, అంటే అదృష్టచక్రం, అని పేరు పెట్టడానికి ఈ ముగింపే ఊతమిచ్చి ఉంటుంది. పంతులుగారు కష్టపడి పీకిన మేకును ఆ పేరు మళ్లీ దిగ్గొట్టింది.

వాక్యం దగ్గరకి వస్తే ఆయన ప్రయాణం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఈ నవల రాసిన మనిషే యవ్వనంలో ‘శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము’ రాశారు. సంస్కృత పదం తగలకూడదు, పెదవులు కలిసే అక్షరం రాకూడదు, మధ్యలో వచనం ఉండకూడదు. ఆ మూడు సంకెళ్లతో నలుడి కథంతా నడిపారు. చిన్నయసూరి నీతిచంద్రిక వదిలిపెట్టిన సంధి, విగ్రహం కథలను అదే బిగువైన గ్రాంథికంలో పూర్తిచేశారు. పండితుల మెప్పుకు కావలసిన విద్యంతా చేతిలో ఉంది. అది చేతిలో ఉండగానే 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక పెట్టి, మామూలు చదువరికి అందే వచనం వైపు తిరిగారు. చేతకాక తేలికభాష రాసినవాడికీ, చేతనై వదులుకున్నవాడికీ వాక్యంలో తేడా తెలుస్తుంది. రాజశేఖర చరిత్రము కూడా గ్రాంథికమే. అరసున్నలు, క్త్వార్థకాలు, పొడుగు వాక్యాలు ఉన్నాయి. కానీ ఆ వాక్యాల్లోకి సత్రం, బండి, వంట, తాంబూలం, అరుగుమీది బాతాఖానీ వచ్చి కూర్చున్నాయి. సమాసాల ఆర్భాటం ఉన్నచోట అబద్ధం సులువుగా దాక్కుంటుంది. ఏ పూట, ఏ వస్తువు, ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయిందో చెప్పే వాక్యంలో దాక్కోలేదు. బైరాగి మోసం మనకు కళ్లకు కట్టడానికి ఈ వచనమే కారణం. భాష సరళం కావడం ఆయనకు అలంకారశాస్త్రం సంగతి కాదు, నిజానిజాలు తేల్చుకునే సాధనం.

నాటకంలో ఇదే పని ఇంకో అడుగు ముందుకు వేసింది. ‘బ్రహ్మవివాహము’ను జనం పెద్దయ్యగారి పెళ్లి అనీ, ‘వ్యవహార ధర్మబోధిని’ని ప్లీడరు నాటకం అనీ పిలుచుకున్నారు. ఊరు తనకు తానుగా పేరు మార్చి పిలుచుకుందంటే పుస్తకం ఊళ్లోకి వెళ్లినట్టే. వ్యవహార ధర్మబోధినిని 1880లో తన విద్యార్థులతో ఆడించారు. పాత్రలు తమతమ మాటతీరుల్లో మాట్లాడతాయి. కోర్టు బంట్రోతుకూ వకీలుకూ ఒకే గొంతు ఉండదు. ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’లో పద్ధతి పూర్తిగా తిరగేశారు. స్విఫ్ట్ గలివర్‌ను దగ్గర పెట్టుకుని, ఆడవాళ్లు ఏలే ఆడుమళయాళం అనే దేశానికి సత్యరాజును పంపించారు. ఇక్కడ ఆడవాళ్లకు శాస్త్రమని చెప్పిన కట్టుబాట్లు అక్కడ మగవాళ్ల నెత్తిన ఉంటాయి, వాటికి శాస్త్రప్రమాణాలూ ఉంటాయి. చదివే మగవాడికి ఒళ్లు మండుతుంది. ఆ మంట రాగానే పని అయిపోయినట్టే, ఇక విడమరిచి చెప్పడానికేమీ మిగలదు. ఆచారాన్ని సందేహించడానికి దాన్ని తిట్టక్కర్లేదు, దాని బరువు మోసేవాణ్ణి మారిస్తే చాలు.

ఇంత అడిగిన మనిషి అడగకుండా వదిలేసినవి కూడా ఉన్నాయి. ‘ఆంధ్ర కవుల చరిత్ర’ కోసం తాటాకు ప్రతులు, శాసనాలు, గ్రంథాల అవతారికలు వెతికి, కవుల చుట్టూ అల్లుకున్న కథలను ఆధారాలనుంచి విడదీసే పని మొదలుపెట్టింది ఆయనే. అదే గ్రంథంలో ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ దగ్గరకొచ్చేసరికి రాసింది వేశ్య అనీ, రాసింది బూతు అనీ తేల్చేశారు. పురుషకవులు రాసిన అంతకంటే పచ్చి శృంగారానికి వేసిన తూకం ఆమెకు వెయ్యలేదు. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ఆ కావ్యాన్ని పూర్తి పాఠంతో అచ్చువేయించి ఈ తేడాను సూటిగా అడిగారు. ఆమె అడిగింది పంతులుగారు నేర్పిన పద్ధతిలోనే. ఇంగ్లీషు ప్రభుత్వం మీద ఆయన పెట్టుకున్న నమ్మకం కూడా అలాంటిదే. ఒక్కో ఉద్యోగి లంచాన్ని వివేకవర్ధనిలో ఎండగట్టారు గానీ, ఆ ఉద్యోగిని కూర్చోబెట్టిన రాజ్యాన్ని అడగలేదు. ఆయనను ప్రేమించేవాళ్లం ఈ రెంటినీ దాచిపెట్టడం ఆయన పనికే అన్యాయం.

ఆయన ఆగినచోటు నుంచి ఈ డెల్టాలోనే మరొకరు ముందుకు నడిచారు. కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలను ఎంతో కాలం నడిపిన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు పంతులుగారిలాగే బ్రహ్మసమాజీకులు. ఆ కళాశాలలోనే వృక్షశాస్త్రం చెబుతున్న గోపరాజు రామచంద్రరావు, మనం గోరా అని పిలుచుకునే ఆయన, దేవుడనే భావనమీద రాసిన వ్యాసానికి 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. దేవుణ్ణి నమ్ముతూ పురోహితుణ్ణి అడిగిన తరం కట్టిన చదువుల గుడిలోనే, దేవుణ్ణి కూడా అడిగిన ఉపాధ్యాయుడికి చోటు దొరకలేదు. సందేహం ఎక్కడ ఆగాలో ముందే గీత గీసిపెట్టడం ఎవరి తరమూ కాదని ఈ చిన్న జిల్లా యాభై ఏళ్ల చరిత్రలోనే చూడవచ్చు. నా మటుకు నాకు దేవుడి విషయంలో గోరా కంటే పంతులుగారే దగ్గర. అయినా ఆ ఉద్యోగం తీసెయ్యడం అన్యాయమేనంటాను.

పంతులుగారు 1919 మే 27న పోయారు. ఆ ఏడాది మొదట్లో, డెబ్బై నిండిన వయసులో, గిడుగు రామమూర్తిగారి వైపు నిలిచి, రాజమండ్రిలో ఏర్పడిన వ్యావహారిక భాషా సమాజానికి అధ్యక్షత వహించడానికి ఒప్పుకున్నారు. జీవితమంతా తాను రాసిన గ్రాంథికాన్ని, తనకు గద్య తిక్కన అన్న పేరు తెచ్చిన భాషను, చివరికి ఆయనే ప్రశ్నించారు. కొత్తగా ఈ నవల చదవబోయేవాళ్లకు ఆ గ్రాంథికమే మొదటి అడ్డంకి అవుతుంది. దానికి నాకు తెలిసిన ఉపాయం ఒకటే. మొదటి ప్రకరణంలో వర్ణనలు బరువనిపిస్తే ప్రస్తుతానికి దాటెయ్యండి. రాజశేఖరుడి అరుగుమీద మనుషులు పోగయ్యే దగ్గర మొదలుపెట్టి, బైరాగి ఇంట్లోంచి మాయమయ్యేదాకా ఒక్క బిగిన, ఇంట్లో ఇంకొకరు వింటూండగా, పైకి చదవండి. నాలుగు పుటలు దాటేసరికి అరసున్నలు అడ్డురావు. వినేవాళ్లే మధ్యలో ఆపి, అదేమిటి, అతన్ని ఎవరూ ఏమీ అడగలేదా అంటారు.